క్లాసులో కన్నీళ్ళకు సంజాయిషీ

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే చాలు, మా అమ్మ నవ్వుతుంది. "నీకు ఆ రోజులెక్కడివే, నిన్న మొన్నటిదాకా నీకు జడ వేసింది నేనే కదా" అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది తాతల కాలం నాటి సంగతి కాదు. కరోనా తగ్గుముఖం పట్టి, ఫోన్లలో చెప్పిన పాఠాలు ఫోన్లలోనే మిగిలిపోయి, పిల్లలు మళ్ళీ బెంచీల మీదికొచ్చి కూర్చున్న కాలం. కానీ కాలేజీల్లో కాలం మామూలు క్యాలెండరు ప్రకారం నడవదు. ఏడాదికో కొత్త యాప్, ఆర్నెల్లకో కొత్త పాస్‌వర్డు వచ్చే చోట నాలుగేళ్ళు గడిస్తే అది పాత యుగమే. ఆ యుగంలో మా చుట్టుపక్కల కాలేజీలన్నిటికీ ఒకేసారి ఒక జబ్బు పట్టుకుంది. పిల్లలు పాఠం వింటున్నారా లేదా అన్న సంగతి, పాఠం చెప్పేవాళ్ళని తప్ప మిగతా అందరినీ అడిగి తెలుసుకోవాలనే జబ్బు. ఆ జబ్బు నా మెడకెలా చుట్టుకుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కాబట్టి మధ్యలో ఎక్కడైనా నా గొంతు పెరిగితే చదివేవాళ్ళు పెద్ద మనసు చేసుకోవాలి.

మాది చీరాల. ఇంట్లో మగ్గం, ఇంటి నిండా నూలు. మిరపకాయతో మాకున్న సంబంధం పచ్చడి వరకే. అలాంటి నాకు చదువవగానే గుంటూరు దాటాక, ఒకవైపు పత్తి చేలు, మరోవైపు కోల్డ్ స్టోరేజీలు ఉన్న రోడ్డు మీద ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆ కాలేజీ చైర్మన్‌ని అందరూ పెద్దాయన అనేవారు. మిర్చి యార్డులో ఆయనకి కమిషను కొట్టు ఉంది, సొంతంగా మిరప తోటలూ ఉన్నాయి. తను చదువుకోలేదన్న బాధతో కాలేజీ పెట్టాడని ఆయన వైపువాళ్ళు చెప్పేవారు, మిరపలో కలిసొచ్చింది ఎక్కడ పెట్టాలో తెలియక పెట్టాడని మిగతావాళ్ళు చెప్పేవారు. మనిషి మంచివాడే. ఎదురుపడితే "ఏమ్మా, పిల్లలు చెప్పిన మాట వింటన్నారా?" అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయేవాడు.

ప్రిన్సిపల్ గారికి మేం పెట్టుకున్న పేరు సర్క్యులర్ గారు. ఒకప్పుడు తెలుగు చెప్పిన మనిషి. నోటితో చెప్పాల్సిన ప్రతి మాటా కాగితం మీద, అదీ గ్రాంథికంలో రాసి పంపేవాడు. వరండాలో ఎదురొచ్చి "బాగున్నారా మేడం" అని పలకరించి, గదిలోకి వెళ్ళి "మీరు నేడు ఆలస్యముగా వచ్చియున్నారు" అని రాసి అటెండరు చేత పంపేవాడు. (ఆ అటెండరుకి నా మీద ఎంత జాలి ఉండేదంటే, కాగితం ఇచ్చేముందు "టీ తాగారా మేడం" అని అడిగేవాడు. నేను తాగలేదంటే తాగొచ్చేదాకా కాగితం చొక్కా జేబులోనే ఉంచుకునేవాడు.)

నేను చేరిన ఏడాదే హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు దిగాడు. నల్ల కోటు, చేతిలో ట్యాబు, నోట్లో "ఎంగేజ్‌మెంట్" అనే మాట. మేం అతన్ని డాష్‌బోర్డు బాబు అనుకునేవాళ్ళం. బోధనను మెరుగుపరుస్తానని చెప్పి ప్రతి క్లాసులో బోర్డు పైన ఒక కెమెరా బిగించాడు. అది పిల్లల మొహాలు చూసి వాళ్ళ మనసులో ఏముందో చెబుతుందట. శ్రద్ధగా వింటుంటే ట్యాబులో ఆ మొహం చుట్టూ పచ్చ గీత, పరధ్యానంగా ఉంటే పసుపు గీత, బాధపడుతుంటే ఎర్ర గీత వస్తాయి. వారం చివర ఎవరి క్లాసు ఎంత పచ్చగా ఉందో నోటీసు బోర్డు మీద పెడతారు. నాలాగా కొత్తగా చేరినవాళ్ళకి ఇంకో ముడి కూడా ఉంది. ప్రొబేషన్ ఏడాది ముగిశాక పర్మినెంట్ చేస్తారా, ఇంటికి పంపుతారా అన్నది ఆ రంగుల్ని బట్టే తేలుస్తారని సర్క్యులరు వచ్చింది. అప్పటికే మా నాన్న చీరాలలో నూలు కొట్టు దగ్గర్నించి కిళ్ళీ బడ్డీ దాకా "మా అమ్మాయి లెక్చరరు" అని చెప్పేశాడు. అక్కడికి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళడమన్న ఊహకే నాకు జ్వరం వచ్చినట్టుండేది.

మొదట్లో నా క్లాసు పసుపూ పచ్చా కలిసి ఉండేది. అది న్యాయమే, స్టాటిస్టిక్స్ వింటూ మనిషన్నవాడు అంతకంటే పచ్చగా ఉండలేడు. మేడ మీద ఫిజిక్స్ అక్క క్లాసు మాత్రం వారం వారం పచ్చటి వరి చేనే. రహస్యమేమిటా అని ఒకసారి వెళ్ళి చూశాను. స్క్రీన్ మీద ఏదో వీడియో నడుస్తోంది. అక్క ఆఖరి బెంచీలో కూర్చుని సాయంత్రం కూరకి చిక్కుడుకాయలు వొలుచుకుంటోంది. కెమెరా సరిగ్గా ఆ స్క్రీన్ పైనే ఉంది కాబట్టి పిల్లల మొహాలన్నీ దానివైపే ఉన్నాయి. "నువ్వూ వీడియో పెట్టుకోవే పిచ్చిదానా, గొంతు కూడా కలిసొస్తుంది" అంది అక్క. నాకు కోపం వచ్చింది. నేను చదువుకున్నది పాఠం చెప్పడానికి కానీ చిక్కుడుకాయలు వొలవడానికి కాదని చెప్పి విసవిసా కిందికి దిగొచ్చాను. ఆ విసురు ఎన్నాళ్ళో నిలవలేదు.

జనవరి దాటింది. మిరప కోతలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున కాలేజీకి వచ్చేసరికి మా ఆటస్థలం కనబడలేదు. గోల్ పోస్టు నుంచి గోల్ పోస్టు దాకా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అంతా పెద్దాయన పంట, తేజ రకం, ఘాటుకి పెట్టింది పేరు. ఏటా సీజన్లో కాలేజీ గ్రౌండే ఆయనకి కల్లమట. ఒకవైపు కూలి ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరుతున్నారు. గోడ పక్కన నింపిన బస్తాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నా క్లాసు కింది అంతస్తులో, సరిగ్గా ఆ గ్రౌండు పక్కన. నా పీరియడు మధ్యాహ్నం, సరిగ్గా గాలి లేచే వేళ. కిటికీలు తెరిస్తే ఘాటు లోపలికి వస్తుంది, మూస్తే ఉక్కపోతకి పిల్లలు సోలిపోతారు, ఫ్యాను వేస్తే లోపలున్న ఘాటే గదంతా తిరుగుతుంది. నేను బోర్డు మీద సూత్రం రాసి వెనక్కి తిరిగేసరికి క్లాసు క్లాసంతా ముక్కులు చీదుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఉండేది. నేను కూడా ఏడుస్తూనే మీడియన్ గురించి చెప్పేదాన్ని.

ఆ వారం చివర కాగితం వచ్చింది. (అటెండరు ఆరోజు టీతో పాటు బిస్కెట్టు కూడా తిన్నానా అని అడిగాడు. అప్పుడే అనుమానించాల్సింది.) "మీ తరగతి యందు విద్యార్థులు సామూహికముగా దుఃఖించుచున్నట్లు యంత్రము ద్వారా తెలియవచ్చినది. వారిని మీరు ఏ విధముగా నొప్పించుచున్నారో తెలుపుచూ వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను." నేను ఆ కాగితం రెండుసార్లు చదివి, తిన్నగా సర్క్యులర్ గారి గదికి వెళ్ళాను. ఆయన కిటికీ వైపు వేలు చూపించి అడిగాను.

"సర్, అక్కడ ఏమున్నాయి?"

"మిరపకాయలు మేడం" అన్నాడాయన, రుమాలుతో కళ్ళొత్తుకుంటూ.

"మరి మీరెందుకు ఏడుస్తున్నారు?"

"ఘాటు కదండీ."

"నా పిల్లలు కూడా అందుకేనండీ!"

ఆయన తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "నాకు తెలీదంటారా మేడం? కానీ అది చైర్మన్ గారి కాయ. కాయ మూలంగా అని నేను ఫైల్లో ఎలా రాస్తానండీ? కొంచెం వేరే కారణం ఏదైనా చూసి రాయండి, ప్లీజ్."

వేరే కారణమట! నేను పిల్లల్ని కొట్టానని రాయాలా, మీడియన్ గురించి వినగానే వాళ్ళకి పోయినవాళ్ళు గుర్తొచ్చారని రాయాలా? ఆ సాయంత్రం ఫోన్లో అమ్మకి చెబితే, అంతా విని, "ఒకవేళ నిజంగానే గట్టిగా తిడుతున్నావేమోనే, నీ గొంతు అసలే పెద్దది" అంది. సొంత తల్లి కూడా కెమెరా పక్షాన చేరిపోయింది.

డాష్‌బోర్డు బాబు నా కోసం ప్రత్యేకంగా వచ్చాడు. తను కూర్చున్నది ఏసీ గదిలో కాబట్టి ఘాటు సంగతి అతనికి తెలియదు, చెప్పినా నమ్మలేదు. "మేడం, కారణాలు చెప్పొద్దు, స్ట్రాటజీలు మార్చండి. పాఠానికి ముందు ఒక జోకు చెప్పండి. మధ్యలో ఫోన్లో క్విజ్ పెట్టండి. స్టూడెంట్ నవ్వాలి. నవ్వితే నేర్చుకున్నట్టే" అన్నాడు. సరే, ఉద్యోగం కావాలి కదా. నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ జోకు చెప్పినదాన్ని కాదు, అయినా రాత్రంతా బట్టీ పట్టి వెళ్ళి చెప్పాను. జోకుకి కాదు గానీ, నేను చెప్పే తీరుకి పిల్లలు నిజంగానే పగలబడి నవ్వారు. నవ్వడానికి నోరు తెరిస్తే ఘాటు గొంతులోకి పోయింది. నవ్వుతూ, తుమ్ముతూ, దగ్గుతూ బెంచీల మీద పడిపోయారు. ఆ మొహాలు చూసి యంత్రం ఏమనుకుందో ఏమో, ఆ వారం నివేదికలో "బాధ స్థానంలో భయం. పురోగతి లేదు" అని వచ్చింది. ఫోన్ క్విజ్ సంగతి చెప్పక్కర్లేదు. జవాబు నొక్కాలంటే స్క్రీన్ కనబడాలి, స్క్రీన్ కనబడాలంటే కళ్ళు తెరుచుకోవాలి.

ఇలా కాదని స్టోరు గదిలో కరోనా నాటి మాస్కులు మిగిలుంటే తెచ్చి తలా ఒకటి పంచాను. ఎంత సుఖంగా ఉందో ఆ వారం! పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకుని పాఠం విన్నారు, నోట్సు రాశారు, ఒకరిద్దరు సందేహాలు కూడా అడిగారు. శనివారం కాగితం వచ్చింది. "మీ తరగతి గది యందు విద్యార్థులెవ్వరును లేనట్లు యంత్రము తెలుపుచున్నది. ఎవ్వరును లేని గదిలో మీరు ఎవ్వరికి బోధించుచున్నారో తెలుపగలరు." మాస్కు వేసుకున్న మొహం దానికి మొహమే కాదట. ఆరోజు నేను అన్నం తినలేదు. ఏడుస్తున్నది కళ్ళ ముందే ఉంది, ఎందుకు ఏడుస్తున్నారో అందరికీ తెలుసు, అయినా ఆ ఒక్క మాట కాగితం మీదికి ఎక్కకుండా అందరూ కలిసి కాపలా కాస్తున్నారు. ఇంకా నాకు అందులో కొట్టొచ్చినట్టు కనబడిన అన్యాయం ఏమిటంటే, ఆ వారంలోనూ ఫిజిక్స్ అక్క క్లాసు పచ్చగానే ఉంది.

సోమవారం గాలి మరీ ఎక్కువైంది. ఆ రోజు పాఠం శాంప్లింగ్. అంటే మొత్తం సరుకంతా చూడలేనప్పుడు కొంచెం తీసి చూసి మిగతాది ఎలా ఉంటుందో అంచనా కట్టడం. ముందు బెంచీ పిల్ల ఒకతి తుమ్మి తుమ్మి ముక్కు నుంచి రక్తం కారేలా ఉంది. నాకు తిక్క రేగింది. పుస్తకం మూసేసి, "లేవండి అందరూ. ఆ మిరపకాయల సంగతేదో అక్కడికే పోయి తేల్చుకుందాం" అన్నాను. గాలి కల్లం మీద నుంచి మా గదివైపు వీస్తోంది కనక, కల్లం అవతలి పక్కకి పోతే అసలు ఘాటే లేదు. ఇన్నాళ్ళూ ఈ తెలివి ఎవరికీ రాలేదే అనుకుంటూ, పిల్లల్ని బస్తాల వరస దగ్గర నిలబెట్టాను. బస్తాలు విప్పొచ్చా అని కూలీల మేస్త్రీని అడిగితే, "మళ్ళీ పోసేసి మూతి కడితే చాలమ్మా" అన్నాడు. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నవ్వారు. "ఏమ్మా పంతులమ్మా, పిల్లల్ని మా పనిలో చేర్చడానికి తెచ్చావా?" అని ఒకావిడ అడిగింది.

"ఈ బస్తాలో నూటికి ఎన్ని తాలుకాయలున్నాయో చెప్పాలి. మొత్తం ఒలకబోయకూడదు" అని, ఉదాహరణకి నేనే ఒక బస్తా మూతి విప్పి, పైనుంచి గుప్పెడు తీశాను.

"అయ్యో, అట్టా కాదండీ!" అని ఒక గొంతు వినబడింది.

ఎవరా అని చూస్తే దర్శి అమ్మాయి. ఏడాది మొదట్నించీ గోడ పక్కన కూర్చుని, పేరు పిలిస్తే కూడా చెయ్యెత్తడమే తప్ప నోరు విప్పని పిల్ల. వాళ్ళది దర్శి వైపు మిరప రైతు కుటుంబం. నేను తీసిన గుప్పెడు చూసి ఉండబట్టలేకపోయింది. "పైన ఎప్పుడూ మంచి కాయే పోస్తారండీ. అది మూతి మచ్చు. మూతి మచ్చు చూసి కొన్నోడు మునిగిపోతాడు. చెయ్యి లోపలికంటా పెట్టి మధ్యలోంచి తియ్యాలండీ" అంది. అనేసి, ఇంత మాట్లాడింది తనేనా అన్నట్టు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మధ్యలోది మాత్రం నమ్మకమేంటి?" అన్నాడు పొన్నూరు కుర్రాడు. వాళ్ళ నాన్నది బియ్యం వ్యాపారం. "మా వైపు బియ్యం బస్తాకి పక్కనుంచి ఇనప గొట్టం గుచ్చి తీస్తారండీ. పైదీ, కిందదీ, మధ్యదీ అన్నీ వస్తాయి."

"మిరపకాయకి గొట్టం గుచ్చితే కాయ ఉంటదా, కారం వస్తది!" అంది దర్శి అమ్మాయి. అందరూ గొల్లుమన్నారు.

"ఒరేయ్, అసలు ఒక్క బస్తా చూసి వరసంతా ఎట్టా చెప్తార్రా? ఒక్కో బస్తా ఒక్కో తోటది అయితే?" అన్నాడు ఇంకొకడు.

నేను చెప్పాల్సిన పాఠం మొత్తం వాళ్ళ నోళ్ళలోంచే వచ్చేస్తోంది. నేను చేసిందల్లా ఆ తగాదాకి నిప్పు రాజెయ్యడం. "నోటితో కాదు, తీసి చూపించండి" అన్నాను. ఒక జట్టు పైనుంచి, ఒక జట్టు మధ్యనుంచి, ఒక జట్టు అడుగునుంచి, మరో జట్టు కళ్ళు మూసుకుని చీటీ తీసి ఏ బస్తా వస్తే ఆ బస్తా నుంచి తీశారు. లెక్క పెట్టారు, పోల్చుకున్నారు, మళ్ళీ తీశారు. మధ్యలోది చాలన్న దర్శి అమ్మాయి లెక్కా తప్పింది, ఒక్క బస్తా చాలన్నవాళ్ళ లెక్కా తప్పింది. ఎందుకు తప్పిందో వాళ్ళలో వాళ్ళే అరుచుకుంటుంటే, ఆ అరుపులకి పుస్తకంలో ఉన్న పేర్లు మాత్రం నేను పెట్టాను. బెల్లు కొట్టారు. ఎవరూ కదల్లేదు. కాలేజీలో బెల్లు కొట్టాక పిల్లలు కదలకపోవడం నేను చదువుకునే రోజుల్లో కూడా చూడలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మాత్రం ఘాటువి కావు, గాలి అటువైపు వీస్తోంది.

మర్నాడు వచ్చిన కాగితానికి అటెండరు టీ కాదు, ఏకంగా భోజనం చేశారా అని అడిగాడు. "నిన్నటి దినమున మీ తరగతి గది పూర్తిగా శూన్యముగా ఉన్నట్లు యంత్రము ధ్రువీకరించినది. కావున మీరు విధులకు గైర్హాజరైనట్లు భావించి, మీ ఖాతా నుండి ఒక సీఎల్ తగ్గించడమైనది." నేను పాఠం చెప్పలేదట! సెలవులో ఉన్నానట! ఇంతకాలం నా మీద వచ్చిన మాటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆ కాగితం పట్టుకుని, మధ్యలో సర్క్యులర్ గారిని కూడా దాటేసి, తిన్నగా పెద్దాయన గదిలోకి వెళ్ళిపోయాను. నా గొంతు పెద్దదని మా అమ్మ అన్న మాట ఆరోజు కాలేజీ అంతటికీ అర్థమైంది. "నేను పిల్లల్ని ఏడిపిస్తున్నానో లేదో కెమెరా ఎందుకండీ, మీరే వచ్చి కూర్చోండి. చూసి, తప్పు నాదే అయితే ఇవాళే చీరాల బస్సెక్కుతాను" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, "అట్టాగేనమ్మా, వస్తా. అంత కోపమెందుకు, కూర్చుని మంచినీళ్ళు తాగు" అన్నాడు.

అన్న మాట ప్రకారం మధ్యాహ్నం పీరియడుకి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువాతో ముందు బెంచీలో మధ్యన కూర్చున్నాడు. ఆయనకి ఒక పక్క సర్క్యులర్ గారు, మరో పక్క ట్యాబుతో డాష్‌బోర్డు బాబు. నేను పాఠం మొదలుపెట్టాను. గాలి కూడా మొదలుపెట్టింది. పిల్లలకి అలవాటైన పనే కాబట్టి అమ్మాయిలు చున్నీలు, అబ్బాయిలు రుమాళ్ళు తీసి మొహాలకి కట్టేసుకున్నారు. సర్క్యులర్ గారు రుమాలులో మొహం దాచుకున్నాడు. నల్ల కోటు బాబు మొదట గొంతు సవరించుకున్నాడు, తర్వాత తుమ్మాడు, తర్వాత ఇక ఆగలేదు. కళ్ళు, ముక్కు, కోటు అన్నీ తడిసిపోయి, చివరికి కోటు కాలరులో మొహం దూర్చేశాడు. ఆ గదిలో పెద్దాయన ఒక్కడే రాయిలా కూర్చున్నాడు. నలభై ఏళ్ళు మిర్చి యార్డులో తిరిగిన మనిషికి ఆ ఘాటు లెక్కా? రెప్ప కూడా వేయకుండా నావైపే చూస్తూ ఉన్నాడు. కొంతసేపటికి పక్కకి తిరిగాడు.

"ఏమయ్యా, నువ్వెందుకు ఏడుస్తన్నావ్?"

"ఏడవట్లేదు సర్... ఘాటు..."

"మరి పిల్లలు?"

డాష్‌బోర్డు బాబు నోరు తెరిచాడు. తుమ్ము వచ్చింది.

నేను ఎదురుచూసిన క్షణం అదే. గెలిచాననుకుని చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. పెద్దాయన మొహం నిండా నవ్వొచ్చింది. "చూశారా మన కాయ! ఈ ఏడు తేజ రకం మామూలుగా లేదు. నేను ముందే చెప్పా!" అని సర్క్యులర్ గారి భుజం తట్టాడు. నేను చాక్‌పీసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గోడ పక్కనుంచి దర్శి అమ్మాయి లేచింది. చున్నీ కిందికి లాగి, ముక్కు తుడుచుకుని, అంతమంది పెద్దల ముందు చెప్పింది.

"అయ్యగారూ, ఆ కెమెరా మూతి మచ్చు చూస్తందండీ. ముందు బెంచీల మొహాలే దానికి కనబడేది. మేం వెనక ఏం నేర్చుకున్నామో దానికెట్టా తెలుస్తది? మా మేడం ఏడిపిస్తే మేమే చెప్తాం కదండీ."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. ఎంగేజ్‌మెంట్ అన్న మాట ఆయనకి ఎప్పుడూ అర్థం కాలేదు కానీ, మూతి మచ్చు అన్న మాట బాగా అర్థమైంది. డాష్‌బోర్డు బాబు వైపు తిరిగి, "నాకు మూతి మచ్చు చూపించి సరుకు అంటగట్టావా?" అన్నాడు. తర్వాత ఆ పిల్లని, "ఎవరమ్మాయివమ్మా నువ్వు? ఈ మాట నీకెవరు చెప్పారు?" అని అడిగాడు.

"దర్శి అండి. మచ్చు సంగతి మా నాన్న చెప్పాడండి. ఏ మచ్చుని ఎంతవరకు నమ్మాలో నిన్న మేడం చెప్పారండి, మీ బస్తాల దగ్గరే."

"నా బస్తాల్లో చేతులు పెట్టారా?" అని లేచాడు పెద్దాయన. నేను బల్ల వెనక్కి జరిగాను. ఆయన అప్పుడు అసలు ప్రశ్న అడిగాడు. "తాలు ఎంతొచ్చింది?"

ఆ అమ్మాయి చెప్పింది. ఎంతో నేను రాయను గానీ, ఆయన గుమస్తా చెప్పినదానికంటే బాగా ఎక్కువ. పెద్దాయన కండువా సర్దుకుని, తిన్నగా గ్రౌండులోకి పోయి, వరసలో మొదటి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. నా మీద విచారణ అక్కడితో ముగిసింది. ఎవరికీ ఏమీ తేల్చకుండానే అందరూ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఏడాది చివర నన్ను పర్మినెంట్ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆనందంగా చదువుతుంటే, కారణం దగ్గర ఆగిపోయాను. "యంత్రము ఇచ్చిన నివేదిక ప్రకారము మీ తరగతి ఎంగేజ్‌మెంట్ ఒక దినమున నూటికి నూరుగా నమోదై, కళాశాల చరిత్రలోనే అత్యుత్తమముగా నిలిచినది." ఏ రోజా అని చూస్తే విచారణ జరిగిన రోజు. అందరూ మొహాలకి గుడ్డలు కట్టుకోవడంతో యంత్రానికి ఆ గదిలో కనబడింది ఒకే ఒక్క విద్యార్థి. పంచె కట్టుకుని, రెప్ప వేయకుండా, పీరియడంతా నన్నే చూస్తూ కూర్చున్న పెద్దాయన. ఆయన ఒక్కడి శ్రద్ధ మీద నా ఉద్యోగం నిలబడింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఫిజిక్స్ అక్క మాత్రం, "నూటికి నూరు ఎట్టా తెచ్చావే? ఏం వీడియో పెట్టావు?" అని వారం రోజులు నా వెంటపడింది.

ఇప్పుడు నేను అదే కాలేజీలో బోధన మెరుగుదల కమిటీకి కన్వీనర్ని. (నవ్వకండి.) ఆ కెమెరాలు పోయి కొత్తవి వచ్చాయి, రంగులు మారాయి, కోట్లు మారాయి. మిరపకాయలు మాత్రం ఏటా వస్తూనే ఉన్నాయి, ఏటా నేను శాంప్లింగ్ పాఠం దాచుకుని అవి వచ్చాకే చెబుతాను. దర్శి అమ్మాయి ఇప్పుడు ఒక జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యత చూసే ఉద్యోగం చేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మొన్న, "మేడం, మచ్చు ఎక్కడ తియ్యాలో మా మేనేజరుతో పోట్లాడానండీ" అంది. "గెలిచావా?" అంటే, "గెలవలేదు గానీ గట్టిగా అరిచానండీ, మీలాగే" అంది. ఆ మాట విన్నాక చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. చేతిలో కాగితం ఊపుకుంటూ, ముక్కు ఎర్రగా చేసుకుని, చైర్మన్ గది తలుపు తోసుకుని వెళ్ళిన ఆ చీరాల పిల్ల కళ్ళ ముందు కనబడింది. ఎంత కోపం దానికి, ఎంత భయం!

ఒక్క సంగతి మాత్రం ఇంకా తేలలేదు. తీసేసిన ఆ సీఎల్ తిరిగి ఇవ్వమని నేను ఏటా అర్జీ పెడుతున్నాను. సర్క్యులర్ గారు రిటైరయ్యేదాకా "పరిశీలనలో ఉన్నది" అని రాశారు. కొత్తగా వచ్చినాయన "సిస్టం ఒప్పుకోవడం లేదండీ" అంటున్నాడు. ఒప్పుకోదు. ఎందుకంటే ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అన్నిటికంటే బాగా పాఠం చెప్పిన రోజున, కాలేజీ లెక్క ప్రకారం, నేను సెలవులో ఉన్నాను.